పేరు ఆమెది, నెంబరు ఆయనది: ఆన్‌లైన్ సేవలు నడిపే అధికారులకు బహిరంగ లేఖ

హైదరాబాద్

రేషన్, ఐటీ, మహిళా శిశు సంక్షేమం, ఉన్నత విద్య, పోలీసు శాఖల్లో ఉన్న పెద్దలకు నమస్కారం.

నేను బోరబండ వైపు ఒక బస్తీలో జిరాక్స్, ఇంటర్నెట్ దుకాణం నడుపుతాను. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఫొటోలు తీయడానికి గోడకి కట్టిన తెల్ల గుడ్డ, అంతే దుకాణం. అప్లికేషన్లు నింపిపెట్టడం నా బతుకుతెరువు. ఆడమనిషి కూర్చునే దుకాణం కాబట్టి చుట్టుపక్కల ఆడవాళ్ళు నా దగ్గరికే వస్తారు, ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని. వాళ్ళని నేను మొదట అడిగేది "ఆధార్‌కి ఏ నెంబరు లింకయి ఉందక్కా?" అని. "మా ఆయనది" అంటారు. "మా తమ్మునిది" అంటారు. "పాత నెంబరు, ఆ సిమ్ము ఎప్పుడో పోయింది" అంటారు. "నాదే" అని టక్కున చెప్పినవాళ్ళు వస్తే ఆ రోజు నా పని సగం అయిపోయినట్టే.

ఈ సంగతి మీకు చెప్పడానికి ఇప్పటికి మూడుసార్లు ప్రయత్నించాను. ఒకసారి ఒక ఆఫీసుకి కాగితం పట్టుకుని వెళ్తే తీసుకోలేదు, ఆన్‌లైన్‌లో పెట్టుకోమన్నారు. సరే, పెట్టాను. పద్దెనిమిది రోజులకి "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చూద్దామని లింకు నొక్కితే ఓటీపీ అడిగింది, ఓటీపీ కొడితే పేజీ తెరుచుకోలేదు, మర్నాడు చూస్తే ఆ ఫిర్యాదు నెంబరే దొరకలేదు. మూడోసారి కూడా ఇంచుమించు ఇంతే. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే నా పరిస్థితే ఇలా ఉంటే, నాలుగిళ్ళలో అంట్లు తోమి సాయంత్రం నాలుగింటికి వచ్చే మనిషి సంగతి మీరే ఊహించండి. అందుకే ఇలా అందరూ చదివేలా రాస్తున్నాను.

ఇక అసలు విషయం.

1. రేషన్ కార్డు. 2013 ఆహార భద్రతా చట్టం చాలా మంచి మాట ఒకటి రాసింది. ఇంట్లో 18 ఏళ్ళు దాటిన మహిళల్లో పెద్దావిడనే కార్డుకి ఇంటి యజమానురాలిగా రాయాలని. అలాగే రాస్తున్నారు కూడా. ఉజ్వల గ్యాస్ కనెక్షన్ కూడా ఆడవాళ్ళ పేరు మీదే ఇస్తారు. పేరు వరకు బాగానే ఉంది, కానీ ఆ పేరు పక్కన ఒక మొబైల్ నెంబరు గడి ఉంటుంది. అందులో ఇంట్లో ఎవరి దగ్గర ఫోన్ ఉంటే వాళ్ళ నెంబరు పడుతుంది, అది ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో కరోనా వల్ల వేలిముద్రలు వద్దని రేషన్‌కి ఓటీపీ పెట్టారు గుర్తుందా? ఆధార్‌కి నెంబరు లింకు చేయించుకోవడానికి సెంటర్ల ముందు ఎన్ని లైన్లో! ఆ లైన్లలో ఎక్కువ ఆడవాళ్ళే. అంతకుముందు 2020 అక్టోబరు వరదలప్పుడు పది వేల సాయానికి మీసేవ దగ్గర అప్లై చేసుకోమంటే తెల్లారకముందే వెళ్ళి నిలబడ్డారు, లైన్లోనే పడిపోయి ఒకావిడ చనిపోయిందని కూడా వార్తల్లో చూశాం. ఆ తర్వాత ఎన్నికల కోడని దరఖాస్తులే ఆపేశారు. ఈ రెండు సంగతులూ మీ ఫైళ్ళలో ఉండే ఉంటాయి.

2. ఇల్లు వదిలి వచ్చిన ఆడమనిషి. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి.

పోయిన ఏడాది ఒకామె భర్త కొట్టే దెబ్బలు భరించలేక ఇద్దరు పిల్లల్ని తీసుకుని మా బస్తీలో ఉన్న తల్లి దగ్గరికి వచ్చేసింది. పేరు, ఏ ఊరి నుంచి వచ్చిందీ చెప్పను. ఆమె ఆధార్, బ్యాంకు ఖాతా, గ్యాస్, రేషన్ అన్నిటికీ ఉన్నది భర్త నెంబరే. వచ్చిన మూడో రోజు ఏటీఎంలో వెయ్యి రూపాయలు తీసింది. మెసేజ్ ఆయనకి పోయింది, ఏ ఏరియా ఏటీఎమ్మో అందులోనే ఉంది. సాయంత్రానికి ఆయన మా గల్లీలో ఉన్నాడు.

అప్పటి నుంచి ఆమె కార్డు వాడటం మానేసింది. నెంబరు మార్పిద్దామని ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. దానికి పాత నెంబరు అక్కర్లేదు, వేలిముద్ర చాలు, అది మంచి పద్ధతే. కానీ అంట్లు తోమీ తోమీ అరిగిపోయిన వేళ్ళు, మిషను తీసుకోదు. చేతులకి నూనె రాసుకుని రమ్మన్నారు, తుడుచుకుని రమ్మన్నారు, మరోసారి రమ్మన్నారు. మూడుసార్లు తిరిగితే పని అయింది, మూడు రోజుల కూలీ పోయింది. అయితే అయింది, ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాం. సర్దుకోలేదు. ఆధార్‌లో మారితే బ్యాంకులో మారదు, బ్యాంకులో మారితే గ్యాస్‌లో మారదు, ఒక చోటైతే కొత్త నెంబరు ఎక్కించడానికి పాత నెంబరుకి వచ్చిన ఓటీపీ చెప్పమన్నారు. పాత నెంబరు ఎవరి దగ్గరుందో తెలిసీ!

2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇస్తే భర్త ఆమెని ఫోన్‌లో గానీ, ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ సంప్రదించకూడదు. చట్టం ఇరవై ఏళ్ళ కిందటే అంత ముందుచూపుతో రాసి పెట్టారు. ఇప్పుడేమో అతను ఆమెకి ఫోన్ చేయనక్కర్లేదు, ఆమె ఎక్కడికి పోయిందో, ఏం చేస్తోందో మీ సర్వర్లే అతనికి ఎప్పటికప్పుడు మెసేజ్ పెడుతున్నాయి. పిల్లల స్కూలు మార్చినా, బ్యాంకు నుంచి తీసినా, గ్యాస్ బుక్ చేసినా. ఎవరో కావాలని చేశారని నేను అనను. ఒక ఇంటికి ఒక ఫోన్ అంటే ఇంట్లో అందరిదీ అనుకున్నారు, అంతే.

3. చదువు. డిగ్రీ అడ్మిషన్లకి 2016 నుంచి దోస్త్ ఉంది. రిజిస్టర్ కావాలంటే ఆధార్‌కి లింకయిన మొబైల్ ఉండాలి, లేకపోతే మీసేవకి వెళ్ళి వేలిముద్ర వేయాలి, ఇంకో దారి యాప్‌లో ముఖం చూపించడం. ఇంటర్ పాసయిన అమ్మాయి నా ముందు కూర్చుంటుంది, ఓటీపీ మాత్రం వాళ్ళ నాన్నకి వస్తుంది, ఆయన లారీ మీద నాందేడ్ దాటి ఉంటాడు, సిగ్నల్ దొరికేలోపు ఓటీపీ టైం అయిపోతుంది. ఇదైనా నయం, ఓటీపీ మళ్ళీ తెప్పించుకోవచ్చు. అన్న ఫోన్ అయితే అన్న పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఒకమ్మాయికి కోఠి మహిళా కాలేజీలో బీఎస్సీ చేయాలని ఉంది, మార్కులు కూడా ఉన్నాయి. "గంత దూరం ఎవరు పంపుతరు" అన్నాడు అన్న. వెబ్ ఆప్షన్లలో మొదటిది ఇంటి దగ్గరి ప్రైవేటు కాలేజీ, బీకాం. టైపు చేసింది నేనే. ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు, కళ్ళు మాత్రం స్క్రీన్ మీదే ఉన్నాయి.

ఇంట్లో పెద్దవాళ్ళు ఎలాగూ చెప్తారు కదా, ఫోన్ ఉన్నా లేకపోయినా అంటారేమో. చెప్తారు. కానీ ఇదివరకు ఆ పిల్ల కాలేజీకి వెళ్ళి ఫారం తన చేత్తో నింపి, ఇంటికొచ్చి కొట్లాడేది. ఇప్పుడు కొట్లాడే అవకాశం ఫారం దగ్గరే పోయింది.

4. అంగన్‌వాడీ. ఇంటికి ఇచ్చే పోషకాహారానికి 2025 జూలై నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు, ఇది కేంద్రం నిర్ణయం, మీది కాదని తెలుసు. ముందు ఆధార్ ఈకేవైసీ, అంటే మనిషి ఆమేనా అని ఆధార్‌తో సరిచూడటం, దానికి ఓటీపీ, అది మళ్ళీ భర్తకి. ఆయన పనిలో ఉండి ఫోన్ ఎత్తడు. పసిబిడ్డని ఎత్తుకుని తల్లి, చిన్న స్క్రీన్ ఫోన్ పట్టుకుని టీచరమ్మ, ఇద్దరూ వెలుతురు కోసం గుమ్మంలోకి వచ్చి నిలబడతారు. టీచరమ్మ కూడా ఆడమనిషే అని గుర్తు పెట్టుకోండి. యాప్ పని చేయకపోతే పైవాళ్ళ తిట్లు ఆమెకి, సరుకు రాకపోతే బస్తీవాళ్ళ తిట్లూ ఆమెకే.

5. ఫిర్యాదు చేసే హక్కు. పని చోట వేధింపుల చట్టం 2013లో వచ్చింది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకీ, పదిమంది కన్నా తక్కువ మంది ఉన్న దుకాణాల్లో పనిచేసేవాళ్ళకీ జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉండాలి. మా బస్తీలో ఒక్కరికి కూడా ఆ కమిటీ ఎక్కడ కూర్చుంటుందో తెలీదు. పోర్టల్ ఉంది, షీ బాక్స్ అని, ఇంటర్నెట్‌లో. ఉద్యోగం చేసే అమ్మాయిలకి పనికొస్తుంది, కాదనను. పనిమనిషికి?

ఫోన్ ఉన్న అమ్మాయిలదీ వేరే బాధ. ఎవడో ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపితే ఇంట్లో చెప్పరు. ఎందుకు చెప్పరంటే, చెప్పగానే ముందు జరిగేది ఫోన్ లాక్కోవడం. వాడి మీద కేసు తర్వాత సంగతి. కేరళలో ఒక హాస్టల్ సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్లు వాడొద్దంటే ఒక విద్యార్థిని కోర్టుకి వెళ్ళింది, ఇంటర్నెట్ అందుబాటులో ఉండటం చదువుకునే హక్కులో, ప్రైవసీ హక్కులో భాగమని 2019లో అక్కడి హైకోర్టు చెప్పింది. ఆ తీర్పు మా గల్లీ దాకా రావడానికి ఇంకెన్నేళ్ళు పడుతుందో.

6. భాష. 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. మెసేజ్‌లు మాత్రం ఇంగ్లీషులో వస్తాయి. పాతబస్తీ నుంచి మా చుట్టాలావిడ పక్కింటి ఆపా తన ఫోన్‌కి వచ్చే ప్రతి మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపిస్తుంది, అందులో సగం రీచార్జ్ ఆఫర్లు.

ఇదంతా ఒక బస్తీ గోల అనుకుంటే ప్రభుత్వం లెక్కే చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, జీవితంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగితే తెలంగాణలో అవునన్న ఆడవాళ్ళు 26.5 శాతం, మగవాళ్ళు 57.4 శాతం. దేశం మొత్తం మీద ఆడవాళ్ళు 33.3 శాతం, అంటే సైబర్ టవర్స్ ఉన్న రాష్ట్రం దేశం సగటు కన్నా వెనకబడి ఉంది. సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న ఆడవాళ్ళు దేశంలో అప్పటికి 54 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నాకు తెలుసు, రోజూ చూస్తున్నాను. కానీ రీల్స్ చూసేవాళ్ళందరూ ఈకేవైసీ చేసుకోగలరనుకుంటే పొరపాటు. మా అమ్మ యూట్యూబ్‌లో భక్తి పాటలు తనే పెట్టుకుంటుంది, ఓటీపీ వస్తే ఫోన్ నా మీదికి విసురుతుంది.

ఇంకో మాట, ఇది చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. నా సొరుగులో ఒక లాంగ్ నోటు బుక్ ఉంది. అందులో వందమందికి పైగా ఆడవాళ్ళ ఆధార్ నెంబర్లు, పాస్‌వర్డులు, పిన్నులు రాసి ఉన్నాయి. వాళ్ళే రాసి పెట్టుకోమన్నారు, "మాకు గుర్తుండదు, నీ దగ్గరుంటే మంచిది" అని. నేను అలాంటిదాన్ని కాదని వాళ్ళ నమ్మకం. పక్క గల్లీలో ఉన్న దుకాణంలో కూడా ఇలాంటి బుక్ ఒకటి ఉంటుంది, అక్కడ కూర్చునేది ఎవరో నాకు తెలీదు. డిజిటల్ తెలంగాణ అని మీరు చెప్పేదంతా మా దగ్గర ఈ నోటు బుక్కుల మీద నడుస్తోంది.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడి బాధితులు వేసిన కేసులో. బ్యాంకు వీడియో కేవైసీలో కళ్ళు ఆర్పి చూపించమంటుంది, ముఖం కాలిపోయిన మనిషి కళ్ళు ఎలా ఆర్పుతుంది? డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది, మిషను ముందు కుదరనివాళ్ళకి వేరే దారి చూపించాలని ఆదేశాలిచ్చింది. ఆ కేసు వైకల్యం ఉన్నవాళ్ళ గురించే, కానీ చేతిలో సొంత నెంబరు లేని ఆడమనిషికి ఆ మాట ఎందుకు వర్తించకూడదో నాకు అర్థం కాదు.

మీకు చేతకాదని నేను అనడం లేదు. 2023 డిసెంబరు 9న ఆడవాళ్ళకి ఉచిత బస్సు మొదలైంది. యాప్ లేదు, ఓటీపీ లేదు, కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. ఆ పథకం మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకి ఉండొచ్చు, బస్సులో సీటు దొరకదని నేనే తిట్టుకున్న రోజులున్నాయి, కానీ మొదటి రోజు నుంచీ అది అందాల్సినవాళ్ళకి అందింది. ప్రయాణంలో భద్రత కోసం 2024లో పోలీసులు తెచ్చిన టీ-సేఫ్ కూడా యాప్ లేని మామూలు ఫోన్ నుంచి నెంబరు డయల్ చేసి వాడుకునేలా పెట్టారు. అంటే ఆలోచించినప్పుడు కుదురుతోంది.

కాబట్టి మేము అడిగేవి ఇవి.

1. ఓటీపీ రానంత మాత్రాన ఎవరికీ ఏ సేవా ఆపకూడదు. ప్రతి మీసేవ సెంటర్లో, వార్డు ఆఫీసులో ఫోన్ లేకుండా మనిషిని, కాగితాన్ని చూసి పని చేసే ఒక కౌంటరు ఉండాలి. కుదరదంటే ఎందుకు కుదరదో రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి చీటీ ఇవ్వాలి. "సర్వర్ డౌన్" అని కూడా రాసే ఇవ్వండి, మాకు అభ్యంతరం లేదు. నోటితో చెప్పి పంపేస్తే ఆ మనిషి వచ్చినట్టు కూడా ఎక్కడా ఉండదు.

2. ఆధార్ కేంద్రం చేతిలో ఉంది, ఒప్పుకుంటాను. కానీ బస్తీల్లో క్యాంపులు పెట్టించడం మీరు చేయగలరు. ఆదివారం గానీ, సాయంత్రం 5 తర్వాత గానీ పెట్టండి, మిషను దగ్గర ఆడవాళ్ళని కూర్చోబెట్టండి, వేలిముద్ర పడనివాళ్ళకి కనుపాపతో చేయండి. ఇప్పుడు పెట్టే పదింటి నుంచి ఐదింటి టైం పనికి పోయే ఏ ఆడమనిషికీ కుదరదు.

3. భర్త నుంచి, ఇంటి నుంచి తప్పించుకుని వచ్చిన వాళ్ళకి ఇలాంటి ఆడవాళ్ళకి సాయం చేసే సఖి కేంద్రం గానీ, భరోసా సెంటర్ గానీ, గృహహింస చట్టం కింద ఉండే ప్రొటెక్షన్ ఆఫీసర్ గానీ ఒక ఉత్తరం ఇస్తే, దాని మీద రేషన్, గ్యాస్, పెన్షన్, పిల్లల స్కూలు, అన్నిట్లో నెంబరు ఒకేసారి మారిపోవాలి. పాత నెంబరుకి మారినట్టు మెసేజ్ కూడా పోకూడదు. బ్యాంకులతో మీరే మాట్లాడండి. మేము అడిగే వాటన్నిటిలోకీ ఇదే ముందు చేయాల్సింది, మిగతావి ఆలస్యమైనా తట్టుకుంటాం.

4. రాయలేని మనిషి ఫిర్యాదుని కమిటీ వాళ్ళే రాయడానికి సాయం చేయాలని 2013 పని చోట వేధింపుల చట్టం 9వ సెక్షన్‌లోనే ఉంది. ఆ పద్ధతి పోలీస్ స్టేషన్ నుంచి రేషన్ ఆఫీసు దాకా అన్ని చోట్లా పెట్టండి. లోకల్ కమిటీ అడ్రసు, ఛైర్‌పర్సన్ ఫోన్ నెంబరు ప్రతి బస్తీ దవాఖానా గోడ మీద పెయింటుతో రాయించండి. వెబ్‌సైట్‌లో ఉందని చెప్పకండి.

5. అంగన్‌వాడీలో ముఖం కుదరకపోయినా ఆ రోజు సరుకు ఇచ్చి పంపాలి, లెక్క తర్వాత సరిచేసుకోవచ్చు. ఆ తేడాకి టీచరు జీతంలో కోత పెట్టకూడదు.

6. దోస్త్‌లో అమ్మాయి చదివిన కాలేజీలోనే, లెక్చరర్ ముందు, తన హాల్ టికెట్‌తో రిజిస్టర్ అయ్యి ఆప్షన్లు పెట్టుకునే వీలు ఇవ్వండి.

7. ఫిర్యాదు మూసేసే ముందు ఆ మనిషికి ఫోన్ చేసి తెలుగులోనో, ఉర్దూలోనో, హిందీలోనో మాట్లాడండి. పని అయిందా అని అడిగి, అయిందంటేనే మూయండి.

ఇవన్నీ చేస్తే నా గిరాకీ తగ్గుతుంది, ఆ విషయం మా ఆయన ఈ లేఖ చదివి ముందే చెప్పాడు. తగ్గితే టైలరింగ్ మిషను ఒకటి ఉంది ఇంట్లో, చూసుకుంటాను.

ఈ కాపీ మీద నలభై ఒక్క మంది సంతకాలూ వేలిముద్రలూ ఉన్నాయి. వచ్చే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి మేం ఏడుగురం వస్తున్నాం, పనికి సెలవు దొరికింది ఏడుగురికే. కాగితం తీసుకుని రశీదు ఇవ్వండి. జవాబు కూడా కాగితం మీదే, పోస్టులో, మేం ఇచ్చే కాగితం మీద ఉన్న దుకాణం అడ్రసుకి పంపండి. మెసేజ్ పెట్టొద్దు. సంతకాల పక్కన ఉన్న ఫోన్ నెంబర్లలో పందొమ్మిది వాళ్ళవి కావు.

ఇట్లు,
బోరబండ నుంచి ఒక జిరాక్స్ దుకాణం ఆమె, బస్తీ మహిళలు